ఎవరెస్టుకు ఏ బస్సెక్కాలి? – ఒక భూగోళ పాఠం



2022 వార్షికోత్సవం నాడు మేము నలుగురం పూర్వ విద్యార్థులం మన హాస్టల్ వరండాలో కూర్చుని పిల్లలతో మాట్లాడుతున్నాం. మాటల్లో మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ప్రస్తావన వచ్చింది. వాళ్లూ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నవాళ్లు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. 2000 జూన్ 10న పుట్టిన పూర్ణకు ఆ రోజుకు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఈ సంగతి చెప్పగానే ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు లేచి, "అన్నా, ఎవరెస్టుకు ఏ బస్సెక్కాలె?" అని అడిగాడు.

అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ రాత్రి రైల్వే స్టేషన్‌కు నడుచుకుంటూ పోతుంటే మాకు సిగ్గనిపించింది. శిఖరం ఎత్తు ఎంత అంటే టక్కున చెప్పగలం. టెన్సింగ్, హిల్లరీ ఎప్పుడు ఎక్కారంటే చెప్పగలం. నడక ఏ ఊళ్లో మొదలవుతుంది, ఆ ఊరికి ఏ వాహనం పోతుంది, ఏ కాగితం చూపాలి అంటే మాలో ఒక్కరికీ తెలియదు. పిల్లవాడు అడిగింది నిజమైన ప్రశ్న. దారి తెలియని ఊరికి ఎవరూ బయలుదేరరు కదా!

మరుసటి ఏడాది, అంటే 2023 అక్టోబరులో, జీతాల్లో దాచుకున్న డబ్బుతో మేము బయలుదేరాం. శిఖరం ఎక్కడానికి కాదు, దాని పాదం దగ్గరుండే బేస్ క్యాంపు దాకా. చదివి తెలుసుకున్నదీ, తిరిగి తెలుసుకున్నదీ కలిపి ఈ పాఠం రాస్తున్నాం. మా పొరపాట్లు కూడా దాచకుండా రాశాం. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

1. రోడ్డు లేని రోజుల్లో

ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ఈ లెక్క ప్రకటించాయి. శిఖరం ఈ రెండు దేశాల సరిహద్దు మీద ఉంది. నేపాలీలు సగర్‌మాథా అంటారు, టిబెటన్లు చోమోలుంగ్మా అంటారు.

1921లో మొదటిసారి బ్రిటిష్ వాళ్లు ఈ పర్వతాన్ని వెతుక్కుంటూ పోయినప్పుడు నేపాల్ విదేశీయులను రానిచ్చేది కాదు. అందుకని మన డార్జిలింగ్ నుంచి బయలుదేరి, సిక్కిం దాటి, టిబెట్ పీఠభూమి మీద వారాల తరబడి నడిచి ఉత్తరం వైపు నుంచి చేరుకున్నారు. మాలరీ, ఇర్విన్ కనుమరుగైన 1924 యాత్ర కూడా అటునుంచే సాగింది. వాళ్లకు కొండ ఎక్కడం ఒక పని, కొండ దగ్గరికి చేరడం మరో పని. రెండోది మొదటిదానికి ఏమీ తీసిపోదు.

1953లో జాన్ హంట్ బృందం దక్షిణం వైపు నుంచి, నేపాల్ మీదుగా వెళ్లింది. ఖాట్మండు లోయ దాటితే రోడ్డు లేదు. అక్కడి నుంచి టెంగ్‌బోచే మఠం దాకా రెండు వారాలకు పైగా కాలినడకే. సామాను మోయడానికి 362 మంది కూలీలు. మే 29న శిఖరం చేరిన ఇద్దరిలో టెన్సింగ్ నార్గే మొదట 1935 యాత్రలో కూలీగా పేరు రాయించుకున్నవాడే. ఈ సంగతి మన పిల్లలు గుర్తుపెట్టుకోవాలి.

2. కొండకు రెండు వాకిళ్లు

ఇప్పటికీ ఎవరెస్టుకు రెండు వాకిళ్లే. ఒకటి టిబెట్ వైపు, రెండోది నేపాల్ వైపు. ఈ రెంటికీ ఉన్న తేడా తెలిస్తే పాఠంలో సగం అర్థమైనట్టే.

ఉత్తరపు వాకిలి: టిబెట్‌లో రోంగ్‌బుక్ మఠం దగ్గర, సుమారు 5,200 మీటర్ల ఎత్తున బేస్ క్యాంపు ఉంది. అక్కడిదాకా రోడ్డుంది. 2008 బీజింగ్ ఒలింపిక్ జ్యోతిని శిఖరం మీదికి తీసుకుపోయే ముందు ఆ రోడ్డును బాగుచేశారు. అంటే అక్కడ నడక మొదలయ్యే చోటుకు వాహనమే చేరుస్తుంది. లాసా దాకా 2006 జూలై నుంచి రైలు నడుస్తోంది, 2014లో అది షిగాత్సే దాకా వచ్చింది. కాని ఈ వాకిలికి తాళం గట్టిది. టిబెట్‌లో విదేశీయులు ఒంటరిగా బస్సెక్కి తిరగడానికి వీల్లేదు. చైనా వీసా, టిబెట్ అనుమతిపత్రం, ఏజెన్సీ కుదిర్చిన వాహనం, గైడు అన్నీ ఉండాలి. మామూలు సందర్శకులను ఇప్పుడు రోంగ్‌బుక్ మఠం దగ్గరే ఆపేస్తున్నారు. నేపాల్ నుంచి అటు పోయే కోదారి దారి 2015 భూకంపంలో దెబ్బతిని మూతబడింది. తరువాత రసువాగఢీ దారి తెరిచారు. 2025 జూలై వరదలో అక్కడి వంతెన కొట్టుకుపోయింది. కాబట్టి ఆ వైపు పోయేవాళ్లు ఏ సరిహద్దు తెరిచి ఉందో ముందుగా విచారించుకోవాలి.

పూర్ణ, ఆనంద్ ఈ ఉత్తరం వైపు నుంచే ఎక్కారు. నేపాల్ వైపు పదహారేళ్లు నిండనివాళ్లకు శిఖరారోహణ అనుమతి ఇవ్వరు. పైగా ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది పర్వత కార్మికులు చనిపోయారు. ఆ తరువాత అటు యాత్రలు దాదాపు ఆగిపోయాయి.

దక్షిణపు వాకిలి: నేపాల్ వైపు బేస్ క్యాంపు 5,364 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి ఏ రోడ్డూ లేదు. బస్సు, జీపు, విమానం ఏది ఎక్కినా ఎక్కడో ఒకచోట దిగి రోజుల తరబడి నడవాలి. కాని మనకు వీసా అక్కర్లేదు, ఏజెన్సీ లేకుండానే బస్సుల్లో పోవచ్చు. హాస్టల్ పిల్లలకు తెరిచి ఉన్న వాకిలి ఇదే. మేమూ ఇటే వెళ్లాం.

3. మన ఊరి నుంచి ఖాట్మండుకు

ముందుగా కాగితాలు. నేపాల్ వెళ్లడానికి భారతీయులకు పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. పెద్దవాళ్లకు పాస్‌పోర్టు గాని, ఎన్నికల కమిషన్ ఇచ్చే ఓటరు గుర్తింపు కార్డు గాని చాలు. చాలామంది ఆధార్ ఉంటే సరిపోతుందనుకుంటారు, అది పొరపాటు. వయసులో ఉన్నవాళ్లకు ఆధార్‌ను ప్రయాణ పత్రంగా లెక్కించరు. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు బడి ప్రధానోపాధ్యాయుడు నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రంతో వెళ్లవచ్చు. అంటే మన పదో తరగతి, ఇంటర్ పిల్లలకు కావలసిన కాగితం ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హెడ్మాస్టరు గారి బల్ల మీదే ఉంది! పద్దెనిమిది నిండిన తమ్ముళ్లకు మా మాట ఒకటే. ఓటరు కార్డు వెంటనే తీసుకోండి. అది ఓటుకూ పనికొస్తుంది, సరిహద్దు దాటడానికీ పనికొస్తుంది.

ఇక రైలు. సరిహద్దుకు మనకు రెండు దారులు అనుకూలం. మొదటిది గోరఖ్‌పూర్ మీదుగా. విజయవాడ, వరంగల్ మీదుగా పోయే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ నేరుగా గోరఖ్‌పూర్ చేరుస్తుంది. అక్కడి నుంచి సునౌలీ సరిహద్దు సుమారు వంద కిలోమీటర్లు, బస్సులూ జీపులూ దొరుకుతాయి. రెండోది రక్సౌల్ మీదుగా. సికింద్రాబాద్ వైపు నుంచి రక్సౌల్‌కు నేరు రైలు ఉంది, కాని రోజూ ఉండదు. రక్సౌల్‌లో దిగి సరిహద్దు దాటితే బీర్‌గంజ్. అక్కడి నుంచి ఖాట్మండుకు బస్సులు, సుమోలు పోతాయి. సుమోలు కొండదారిన అడ్డంగా పోయి తొందరగా చేరుస్తాయి. వాంతులయ్యేవాళ్లు మాత్రం బస్సే ఎక్కడం మంచిది.

మేము వరంగల్‌లో రప్తీసాగర్ ఎక్కాం. సునౌలీ సరిహద్దులో ఒక కమాను కింద నుంచి నడిచి అవతలికి పోతే అదే నేపాల్. తెల్లవారుజామున ఖాట్మండు బస్సు ఆరింటికి అన్నారు. మా గడియారంలో ఆరుకు ఐదు నిమిషాలుండగా బస్టాండుకు చేరాం. బస్సు లేదు! నేపాల్ సమయం మన సమయం కన్నా పదిహేను నిమిషాలు ముందు. అక్కడ అప్పటికి ఆరూ పది. ఈ ముక్క మేము ఏడో తరగతి సాంఘికశాస్త్రంలో రేఖాంశాల పాఠం కింద చదువుకున్నదే. పరీక్షలో జవాబు రాశాం, బస్టాండులో మరచిపోయాం. తరువాతి బస్సు దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఖాట్మండులో దిగేసరికి మరునాటి తెల్లవారుజాము, మేము ఎక్కాలనుకున్న జీపు వెళ్లిపోయింది. పదిహేను నిమిషాలు మరచిపోయినందుకు ఒక రోజంతా పోయింది. ఆ రోజు ఖరీదు ఎంతో ముందు ముందు చెబుతాం.

డబ్బు గురించి ఒక మాట. మన నూరు రూపాయలకు నేపాల్ రూపాయలు నూట అరవై. ఈ రేటు చాలా ఏళ్లుగా ఇలాగే స్థిరంగా ఉంది. పెద్ద నోట్ల మీద అప్పుడప్పుడు ఆంక్షలు పెడుతుంటారు కాబట్టి మన నూరు రూపాయల నోట్లు పెట్టుకుంటే ఏ చిక్కూ ఉండదు. నేపాల్‌లో వారపు సెలవు శనివారం. ఆఫీసు పని ఉంటే ఆ రోజు చూసుకోవాలి.

4. ఖాట్మండు నుంచి నడక మొదలయ్యే చోటుకు: మూడు దారులు

ఖాట్మండు 1,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి బేస్ క్యాంపు బాటను అందుకోవడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది, లుక్లా విమానం. లుక్లా 2,846 మీటర్ల ఎత్తున కొండ అంచు మీద ఉన్న ఊరు. 1964లో హిల్లరీ పూనికతో అక్కడ విమానం దిగే చోటు తయారైంది. రన్‌వే పొడవు 527 మీటర్లే. ఒక చివర కొండ, మరో చివర లోయ. రన్‌వే పైకి వాలుగా ఉంటుంది, దిగే విమానం ఎగువకు పరుగెత్తి ఆగుతుంది, లేచే విమానం దిగువకు పరుగెత్తి లేస్తుంది. 2008లో దీనికి టెన్సింగ్-హిల్లరీ విమానాశ్రయం అని పేరు పెట్టారు. మధ్యాహ్నమైతే గాలి, మబ్బు కమ్ముతాయి కాబట్టి విమానాలు పొద్దున్నే తిరుగుతాయి. మబ్బు విడవకపోతే ఒకటి రెండు రోజులు పడిగాపులు తప్పవు. రద్దీ నెలల్లో చాలా విమానాలు ఖాట్మండు నుంచి కాక, నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం దూరంలోని రామేఛాప్ నుంచి లేస్తాయి. అంటే విమానం టికెట్టున్నా అర్ధరాత్రి జీపు ఎక్కవలసిందే! టికెట్టు మీద ఏ విమానాశ్రయం రాసి ఉందో చూసుకోకపోతే మోసపోతాం.

రెండోది, జిరి బస్సు. 1980ల నడుమ స్విట్జర్లాండ్ సాయంతో వేసిన రోడ్డు జిరి దాకా వచ్చింది. ఖాట్మండు పాత బస్ పార్కులో ఉదయాన్నే ఎక్కితే పగలంతా ప్రయాణం. జిరి ఎత్తు సుమారు 1,900 మీటర్లు. అక్కడి నుంచి లుక్లా దాకా ఆరేడు రోజుల నడక. శివాలయ, భండార్, జున్‌బేసి గ్రామాల మీదుగా, మధ్యలో 3,500 మీటర్లు దాటిన లంజురా కనుమ ఎక్కి దిగాలి. లుక్లా విమానాలు పెరిగాక ఈ దారిలో జనం తగ్గారు. రోజులు చేతిలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదని మాకు దారిలో కలిసిన పెద్దవాళ్లు చెప్పారు.

మూడోది, సల్లేరి జీపు. మేము పోయింది ఇదే. ఖాట్మండులో చాబహిల్ అనే చోట తెల్లవారకముందే షేర్ జీపులు బయలుదేరతాయి. ధులిఖేల్ మీదుగా బీపీ హైవే పట్టుకుని, సున్‌కోశి నది వెంట సాగి, ఓఖల్‌ఢుంగా కొండలెక్కి సల్లేరి చేరడానికి పది పన్నెండు గంటలు. ఈ బీపీ హైవేను జపాన్ సాయంతో కట్టారు, 2015లో పూర్తయింది. 2024 సెప్టెంబరు చివరి వానలకు చాలాచోట్ల కోసుకుపోయింది కాబట్టి ఇప్పుడు పోయేవాళ్లు రోడ్డు సంగతి ముందు రోజే చాబహిల్‌లో అడిగి తెలుసుకోవాలి. సల్లేరి ఎత్తు సుమారు 2,400 మీటర్లు. అక్కడి నుంచి జీపు బాటలు ఏటేటా ఇంకా లోపలికి, ఖరీఖోలా వైపు, సుర్కే వైపు పాకుతున్నాయి. ఎండాకాలంలో పోయే జీపు వానాకాలంలో పోదు.

మా జీపు ఓఖల్‌ఢుంగా దాటాక చెడిపోయింది. బాగుచేసేవాడు వచ్చేసరికి రాత్రయింది, ఆ రాత్రి దారిపక్క ఇంట్లో పప్పు, అన్నం తిని పడుకున్నాం. అలా ఇంకో రోజు పోయింది. సల్లేరి నుంచి నాలుగు రోజులు నడిచి, లుక్లా పైకి ఎక్కకుండా చౌరీఖర్క మీదుగా ఫక్‌దింగ్ చేరాం. అక్కడ విమానంలో వచ్చినవాళ్ల బాట, మా బాట కలిశాయి.

సొంత కారులో వెళ్తే: మన కార్లు, మోటారు సైకిళ్లు నేపాల్‌లోకి పోవచ్చు. సరిహద్దులో రోజుల లెక్కన సుంకం కట్టి ఒక రశీదు తీసుకోవాలి. దాన్ని అక్కడ భన్సార్ అంటారు. బండి ఆర్.సి., లైసెన్సు అసలువి ఉండాలి. ఎన్ని రోజులకు కట్టామో ఆ లోగా తిరిగి రావాలి. కాని కారు నడక బాట దాకా రాదు, రెండు మూడు వారాలు ఎక్కడో నిలబెట్టాలి. ఆ రోజులకు కూడా సుంకం పడుతుంది. పైగా ఖాట్మండు తరువాత కొండరోడ్డు మీద మనకు అలవాటు లేదు. నలుగురు కలిసి పోయినా కారు ఖాట్మండులో వదిలి జీపెక్కడమే తెలివైన పని.

5. తొందరగా చేర్చే బండి మంచిదేనా?

ఇది ఈ పాఠంలో ముఖ్యమైన భాగం, శ్రద్ధగా చదవండి.

పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. బేస్ క్యాంపు ఎత్తులో ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర అందే దానిలో సుమారు సగమే. శరీరం దానికి అలవాటు పడగలదు, కాని సమయం కావాలి. ఎక్కువ లోతుగా ఊపిరి పీల్చడం, రక్తంలో మార్పులు రావడం రోజుల మీద జరిగే పనులు. అందుకని వైద్యులు ఒక సూత్రం చెబుతారు. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్న రాత్రి పడుకున్న చోటికన్నా 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఉన్నచోటే ఇంకో రాత్రి ఉండాలి.

ఇప్పుడు పై దారులను ఈ సూత్రంతో కొలవండి. జిరి నుంచి నడిచినవాడు వారం రోజులు ఎక్కుతూ దిగుతూ వస్తాడు. అతని ఒళ్లు దారిలోనే తయారవుతుంది. లుక్లా విమానం ఖాట్మండు నుంచి ముప్పావు గంట లోపలే 1,400 నుంచి 2,846 మీటర్లకు చేరుస్తుంది. టిబెట్ వైపు జీపైతే మనిషిని కూర్చోబెట్టి 5,000 మీటర్లకు తీసుకుపోగలదు. బండికి ఆయాసం రాదు, మనిషికి వస్తుంది. చవకగా పోయేవాడి బస్సు దారి ఒంటికి మేలైన దారి కూడా అని మాకు అక్కడే అర్థమైంది.

అయినా మేము తప్పు చేశాం. నామ్చే బజార్ (3,440 మీటర్లు) దగ్గర ఒక రోజు ఆగాం, అది సరిగానే చేశాం. టెంగ్‌బోచే (3,867) చేరాం. అక్కడ నుప్త్సే గోడ వెనుక నుంచి ఎవరెస్టు కొన నల్లగా కనిపించింది. కొనమీద మంచు గాలికి జెండాలా ఎగురుతోంది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మరునాడు దింగ్‌బోచే (4,410) చేరాం. అక్కడ ఇంకో రోజు ఆగాలి. కాని లెక్క చూస్తే అప్పటికే రెండు రోజులు వెనకబడి ఉన్నాం. ఒకటి సునౌలీలో పోయింది, రెండోది ఓఖల్‌ఢుంగా దగ్గర పోయింది. గోరఖ్‌పూర్‌లో తిరుగు టికెట్టు తేదీ దగ్గరపడుతోంది. ఒకరికి సెలవు దొరకదు, ఒకరికి ఉద్యోగమే పోతుందన్న భయం. "ఒక్క రోజే కదా" అనుకున్నాం. ఆగకుండా లోబుచే (4,940) ఎక్కాం.

ఆ సాయంత్రం మాలో ఒకరికి తలనొప్పి మొదలైంది. అన్నం ముట్టలేదు. రాత్రి వాంతులు. తెల్లవారి లేచి నడవమంటే తాగినవాడిలా తూలాడు. తూలడం చెడ్డ గుర్తు అని చదివి ఉన్నాం. లాడ్జి యజమానురాలు ఒక్క చూపు చూసి, "కిందికి, ఇప్పుడే" అంది. బేస్ క్యాంపు అక్కడికి ఒక రోజు నడక. జబ్బుపడినవాడు మాతో, "మీరు పోయి చూసి రండి, నేను మెల్లగ దిగుత" అన్నాడు. ఇద్దరం పైకి, ఒకరం కిందికి పోదామా అని ఒక్క నిమిషం అనుకున్నాం, నిజం చెప్పాలి. తరువాత నలుగురం దిగాం.

సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఫెరిచే గ్రామంలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల ఆస్పత్రి ఉంది. యాత్రా కాలంలో డాక్టర్లు ఉంటారు. అక్కడికి చేరేసరికే మావాడి మొహం తేటపడింది. ఆ సాయంత్రం గంజి తాగాడు. ఎత్తు జబ్బుకు కిందికి దిగడమే మొదటి మందు.

కాబట్టి తమ్ముళ్లారా, ఎవరెస్టు బేస్ క్యాంపు ఎలా ఉంటుందో ఈ పాఠంలో మేము చెప్పలేం. మేము చూడలేదు. పదిహేను నిమిషాల తేడా మరచిపోవడం, చెడిపోయిన జీపు, మార్చుకోలేని టికెట్టు, ఈ మూడూ కలిసి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాయి. కొండ మీద జరిగే ప్రమాదం చాలాసార్లు బస్టాండులోనే మొదలవుతుంది.

6. వీపు మీద నడిచే ఊరు

ఫక్‌దింగ్ నుంచి పైకి రోడ్డు లేదు కదా, మరి పైనున్న ఊళ్లకు బియ్యం, కిరోసిన్, తలుపు చెక్కలు, సిమెంటు ఎలా పోతాయి? కంచరగాడిదలు, జడలబర్రెలు మోస్తాయి. మనుషులు మోస్తారు. డోకో అనే వెదురుబుట్టను వీపున పెట్టుకుని, నామ్లో అనే పట్టీని నుదుటికి తగిలించి మోస్తారు. చేతిలో టీ ఆకారపు పొట్టి కర్ర. అలసినప్పుడు బుట్టను దాని మీద ఆనించి నిలబడే సేదతీరతారు. వాళ్లలో మా వయసువాళ్లున్నారు, మా నాన్నల వయసువాళ్లూ ఉన్నారు.

మాలో ఇద్దరి నాన్నలు మార్కెట్ యార్డులో హమాలీలు. నామ్చే మెట్ల దగ్గర ఒక ముసలాయన బరువు దించి నుదురు తుడుచుకుంటుంటే మాలో ఒకడు ఆగిపోయాడు. మా నాన్న కూడా బస్తా దించి అట్లనే మెడ తిప్పుతాడు అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. బాట మీద బరువు మోసేవాళ్లు ఎదురైతే కొండవైపుకు ఒదిగి దారి ఇవ్వాలని అక్కడ నియమం. లోయవైపు నిలబడితే తగిలి పడిపోతాం. ఆ నియమం మాకు ఎవరూ చెప్పకముందే మేము పాటించాం.

కూలీని పెట్టుకునేవాళ్లు అతనికి చలిబట్టలు, పడక, తిండి ఉన్నాయో లేదో చూసుకోవాలి. జబ్బు చేస్తే తోడిచ్చి కిందికి పంపాలి. పూర్ణ, ఆనంద్ ఎక్కిన శిఖరానికైనా తాళ్లు కట్టి, బరువులు మోసిన షెర్పాలున్నారు. శిఖరం ఫొటోలో అందరూ కనపడరు.

7. మొదటి బస్సు మన దగ్గరే

ఇంత చదివాక, ఇదంతా మనకెక్కడ సాధ్యం అనుకోవద్దు. పూర్ణ, ఆనంద్ నేరుగా హిమాలయాలకు పోలేదు. వాళ్లు మొదట తాళ్లు పట్టింది భువనగిరి గుట్ట మీద. అది సుమారు 500 అడుగుల ఏకశిల. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరున త్రిభువనగిరి అయి, భువనగిరిగా మారిందంటారు. 1708లో వరంగల్ తరువాత సర్వాయి పాపన్న కొల్లగొట్టిన కోట ఇదే.

అక్కడికి దారి: సికింద్రాబాద్ - కాజీపేట రైలు మార్గంలో భువనగిరి స్టేషన్ ఉంది. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, ప్యాసింజర్ చూసుకోవాలి. నల్లగొండ, గుంటూరు వైపు పోయే రైళ్లు బీబీనగర్ దాటాక పగిడిపల్లి దగ్గర పక్కకు తిరిగిపోతాయి, పొరపాటున వాటిలో ఎక్కవద్దు. హైదరాబాద్ నుంచి రోడ్డున సుమారు 50 కిలోమీటర్లు. వరంగల్ హైవే మీద పోయే ఆర్టీసీ బస్సు భువనగిరిలో ఆగుతుందో లేదో కండక్టరును అడిగి ఎక్కండి, కొన్ని బస్సులు బైపాస్ మీద పోతాయి. చెల్లెళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. గుట్ట మొదలు ఊళ్లోనే ఉంది. ఎండ ఎక్కకముందే ఎక్కండి, నీళ్లు పట్టుకుపోండి, వానకు తడిసిన బండ మీద అడుగు పెట్టకండి.

రెండో మెట్టు డార్జిలింగ్. అక్కడ 1954లో స్థాపించిన హిమాలయన్ పర్వతారోహణ సంస్థ ఉంది. టెన్సింగ్ అక్కడ మొదటి క్షేత్ర శిక్షణ అధిపతి. పూర్ణ, ఆనంద్ కూడా అక్కడ శిక్షణ పొందారు. న్యూ జల్పాయ్‌గుడి స్టేషన్‌లో దిగి షేర్ జీపెక్కితే డార్జిలింగ్. పర్వత శిక్షణ కోసం సిక్కింలో యుక్సోమ్ అనే ఊరి నుంచి పైకి నడిపిస్తారు.

గుర్తుంచుకోవలసినవి

• కాగితం ముందు, టికెట్టు తరువాత. ఓటరు కార్డు లేదా పాస్‌పోర్టు, పిల్లలకు బడి పత్రం.
• సరిహద్దు దాటగానే గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పండి.
• వెళ్లే కాలం మార్చి నుంచి మే, లేదా అక్టోబరు, నవంబరు. వానాకాలంలో కొండచరియలు విరుగుతాయి.
• నామ్చే కింద మొంజో దగ్గర సగర్‌మాథా జాతీయ పార్కు రుసుము కట్టాలి. సార్క్ దేశాలవారికి మిగతా విదేశీయుల కన్నా తక్కువ. స్థానిక పాలికకు వేరే రుసుము ఉంటుంది. గైడు విషయంలో నియమాలు మారుతుంటాయి, ఖాట్మండులో అడగండి.
• ప్రయాణానికి మూడు రోజులు అదనంగా ఉంచుకోండి. విశ్రాంతి రోజును మాత్రం ఎన్నడూ కోయకండి.
• తలనొప్పితో పాటు వాంతులు, తూలడం కనిపిస్తే దిగండి. ఒంటరిగా ఎవరినీ దింపకండి.

ఆలోచించి రాయండి

1. సల్లేరి జీపులో పోయినవాడికీ, లుక్లా విమానంలో పోయినవాడికీ నామ్చే చేరేసరికి శరీరంలో తేడా ఎందుకు ఉంటుంది?
2. దింగ్‌బోచే నుంచి లోబుచే ఎత్తు తేడా ఎన్ని మీటర్లు? సూత్రం ప్రకారం అది సరైనదేనా?
3. నేపాల్ సమయం మనకన్నా ముందు ఎందుకుంది? రేఖాంశాల సాయంతో వివరించండి.
4. మీ ఊరి దగ్గరి గుట్టకు హాస్టల్ నుంచి ఏ బస్సు పోతుంది? చివరి బస్సు ఎన్నింటికి? ఈ ప్రశ్నకు జవాబు పుస్తకంలో లేదు. బస్టాండుకు పోయి తెలుసుకుని నోటీసు బోర్డు మీద రాయండి.

ఆ రోజు మమ్మల్ని ప్రశ్న అడిగిన తమ్ముడు ఇప్పుడు పై తరగతులకు వెళ్లిపోయాడు. ఈ సంచిక అతనికి చేరితే, తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదీ. వరంగల్‌లో రైలు, సునౌలీలో బస్సు, చాబహిల్‌లో జీపు, ఆ తరువాత నీ కాళ్లు. లోబుచే దాకా దారి మేము చూసి వచ్చాం. అక్కడి నుంచి ఒక రోజు నడక మిగిలి ఉంది. దాని సంగతి నువ్వు రాయాలి. ఓటరు కార్డు మాత్రం మరచిపోకు.

– మన హాస్టల్ పూర్వ విద్యార్థులం నలుగురం